సమాధానం: జీఎస్టీ సమన్లకు వెళ్లకపోతే అరెస్టు చేస్తారా?

భీమవరంలో మీ ఏరేటర్ల (రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) షాపుకి సెంట్రల్ జీఎస్టీ సమన్లు రెండుసార్లు వచ్చాయి, వెళ్లలేదు, అరెస్టు చేస్తారా అని అడిగారు. జీఎస్టీ చట్టంలో సమన్లిచ్చే సెక్షన్ 70లో అరెస్టు మాట లేదండి. అది సెక్షన్ 69, దానికి కారణాలు వేరు. మూడోది కూడా వదిలేస్తే మీకు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) 2022 ఆగస్టు నాటి సూచనల ప్రకారం మామూలుగా మూడు సమన్ల తర్వాత ఆఫీసరు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేస్తారు. భారతీయ న్యాయ సంహిత 208 కింద నెల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. జీఎస్టీ చట్టం 122(3) కింద 25,000 వరకు పెనాల్టీ అదనం.

ముందు సమన్ల మీది డిన్ నంబరు (ఆ కాగితానికి శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) సీబీఐసీ సైటులో కొట్టి, అసలుదో కాదో చూసుకోండి. ఇవాళే ఈమెయిల్‌తోపాటు స్పీడ్ పోస్టులో జవాబు పంపండి: రెండు డిన్‌లు, రాలేకపోయిన కారణం, దానికి రుజువు, మీరు రాగల తేదీ. రొయ్యల పట్టుబడి సీజన్ అని ఊరికే రాస్తే చెల్లదు. కొనుగోలు బిల్లులు, ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రాలు), చెరువుల వాళ్ల అరువు ఖాతా జిరాక్సులకు పేజీ నంబర్లు వేసి, జాబితా మీద రసీదు సంతకం తీసుకోండి.

ఆడిటర్ని పంపేస్తే చాలనుకోకండి. ప్రమాణం మీద వాంగ్మూలానికి పిలిస్తే మీరే వెళ్లాలి. చదవకుండా మాత్రం సంతకం పెట్టొద్దు. అక్కడ అబద్ధం చెప్తే అదో కేసు.