కరోనా పోయింది, కారు మాత్రం పోలేదు

ప్రశ్న: మాది కర్నూలు, పన్నెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. 2020కి ముందు ఎం.జి.రోడ్డులో ఆఫీసుకి బస్సులోనే వెళ్లేవాణ్ణి. కరోనాకి భయపడి సెకండ్ హ్యాండ్ కారు కొన్నా. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి రమ్మంటున్నారు, టిన్ ఫ్యాక్టరీ కూడలి ట్రాఫిక్‌లోనే సగం ప్రాణం పోతోంది. అయినా జనంలో ఎక్కాలంటే మనసొప్పదు. మా ఆవిడ రోజూ బస్సులో తిరుగుతూ నన్ను చూసి నవ్వుతోంది. ఇది భయమేనంటారా?

జవాబు: భయంతో కొన్నారు, తర్వాత సుఖం మరిగారు, అంతే. అప్పట్లో ఊళ్లో మెట్రో కూడా ఐదు నెలలకు పైగా మూతపడి 2020 సెప్టెంబరు 7న మళ్లీ మొదలైనప్పుడు టోకెన్లు లేవు, స్మార్ట్ కార్డు ఉంటేనే లోపలికి, అదీ సీటు వదిలి సీటు. అన్నాళ్లు ఒక దారి మూసేస్తే కాళ్లు ఇంకో దారికి అలవాటు పడిపోతాయి, తిరిగి తెరిచారని మనకి పట్టదు. నేనైతే ఇప్పటికీ లిఫ్ట్ బటన్ మోచేత్తోనే నొక్కుతాను, ఎందుకో అడగకండి.

నిజానికి మనం మొదట్లో తప్పు చోట భయపడ్డాం. బస్సు కడ్డీ పట్టుకుంటే అంటుకుంటుందని శానిటైజర్ పోసుకున్నాం, తీరా చూస్తే అది ఎక్కువగా వ్యాపించేది మూసి ఉన్న గదుల్లోని గాలి ద్వారా అని తేలింది. ఆ లెక్కన కిటికీలు తెరిచి ఉన్న మామూలు బి.ఎం.టి.సి. సిటీ బస్సు అంత చెడ్డదేం కాదు. మీ ఆవిడ నవ్వుతోందంటే నవ్వదూ మరి, కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకి 2023 జూన్ 11 నుంచి ఆ బస్సుల్లో టికెట్ డబ్బులే లేవు!

ఇంకో మాట, మీరు కారు కొన్నప్పుడు మీ వైపు మెట్రోనే లేదు, మెట్రో పర్పుల్ లైన్ బైయప్పనహళ్లి స్టేషన్‌తో ఆగిపోయేది. వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్.పురం వరకు 2023 మార్చిలో వచ్చింది, మధ్యలో మిగిలిన రెండు కిలోమీటర్ల ముక్క కోసం అక్టోబరు దాకా జనం దిగి బస్సెక్కాల్సి వచ్చింది. ఇప్పుడు ఎక్కిన రైల్లోనే నేరుగా ఎం.జి.రోడ్డులో దిగొచ్చు. టికెట్ ఫోన్లోనే క్యూఆర్ కోడ్‌తో వస్తుంది, టోకెన్ ముట్టుకునే పనే లేదు. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 చేశారు, మంట పుట్టే మాటే, కానీ మీ దూరానికి అంత పడదు. పార్కింగ్‌తో కలిపి మీ పెట్రోలు ఖర్చు ఒకసారి కాగితం మీద రాయండి.

కారు అమ్మేయకండి. బుధవారం ఒక్కరోజు మాత్రం, ఎనిమిదిలోపు బయల్దేరి, మాస్కు పెట్టుకుని మెట్రో ఎక్కి చూడండి. సోమవారం వద్దు, ఆ రద్దీ చూస్తే మళ్లీ కారు తాళాలే వెతుకుతారు.

ప్రశ్న: తెనాలి నుంచి మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. నాకు 68 ఏళ్లు, ఆయాసం ఉంది. మెట్రోలో మాస్కు పెట్టుకుంటే వాడు పరువు పోతుందంటున్నాడు. తీసేయనా?

జవాబు: తీయకండమ్మా. కరోనా ఒక్కటే కాదు, ఫ్లూ కూడా ఆ ఏసీ పెట్టెలోనే దగ్గుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు. కుదిరితే మధ్యాహ్నం పూట తిరగండి, సీటు కూడా దొరుకుతుంది. వాడు నవ్వితే నవ్వనివ్వండి. గడ్డం కింద పెట్టుకుంటే మాత్రం నేనూ నవ్వుతాను.