పుస్తకాల షాపుకి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో పెద్ద పిల్లలు నీ చేతికి వచ్చారని, వాళ్లకి పుస్తకాల షాపులో కొనడం నేర్పాలనుకుంటున్నావని రాశావు. చాలా సంతోషం. మన పిల్లలు తరగతిలో ఉత్తుత్తి నోట్లతో ఎంత బాగా చేసినా బజారుకి వెళ్లేసరికి అది అక్కరకు రాదు. ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడడమే వాళ్లకి అన్నిటికన్నా కష్టం. అందుకే నిజం షాపు, నిజం డబ్బు, ముఖపరిచయం లేని మనిషి కావాలి.

పుస్తకాల షాపు ఎంచుకోవడం మంచిదే. కూరగాయల దగ్గర తూకం, బేరం, తొందర ఉంటాయి. ఇక్కడ ధర అచ్చువేసి ఉంటుంది, కాసేపు నిలబడి తిరగేసినా ఎవరూ ఏమీ అనరు. విజయవాడలో పుస్తకాల షాపులుండే ఏలూరు రోడ్డుకి వెళ్తానన్నావు కదా, మామూలు రోజు పదకొండు గంటలప్పుడు వెళ్లు. బడులు తెరిచే జూన్‌లో వద్దు. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం కూడా ఇప్పుడే వద్దు, ఆ జనానికి, మైకుల హోరుకి కొందరు బెదిరిపోతారు. ఒకసారికి ఇద్దరు ముగ్గురు చాలు.

ముందు రోజు నువ్వొక్కదానివే వెళ్లి షాపాయనతో మాట్లాడు. రెండే మాటలు చెప్పు. పిల్లవాడు అడిగితే జవాబు నీకు కాదు, పిల్లవాడికే చెప్పాలి. డిస్కౌంటు మొదట్లో ఇవ్వొద్దు. అట్ట మీద ఒక అంకె, బిల్లులో ఇంకో అంకె ఉంటే వాళ్లు తికమకపడతారు. ఆ లెక్క తర్వాత నేర్పుకోవచ్చు.

ధర ఎక్కడుందో చూడడమే ఒక పాఠం. వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గర 978తో మొదలయ్యే పదమూడు అంకెలుంటాయి, కొందరు అదే ధర అనుకుంటారు. రూపాయి గుర్తు వెతకడం ముందు నేర్పు. కొన్ని తెలుగు పుస్తకాల్లో ‘వెల’ అని లోపలి పేజీలో ఉంటుంది, అదీ చూపించు.

డబ్బు సంగతి కాస్త వివరంగా రాస్తాను. చిల్లర కూడడం, తీసివేయడం వచ్చాకే షాపుకి అనుకుంటే కొందరు ఎప్పటికీ వెళ్లలేరు. వాళ్లకి అన్నీ పదిరూపాయల నోట్లే ఇవ్వు, వంద లోపు పుస్తకాలే చూపించు. ధరలో మొదటి అంకె చదివితే చాలు. 85 అయితే ఎనిమిది నోట్లు లెక్కపెట్టి, ‘ఇంకొకటి’ అంటూ తొమ్మిదోది కలిపి ఇవ్వాలి. సరిగ్గా 60 అయినా ఆరు, ఇంకొకటి. ఎక్కువిచ్చింది షాపాయన తిరిగిస్తాడు. చిల్లర కోసం ఆగి, చెయ్యి చాచి తీసుకోవడం మాత్రం బాగా అలవాటు చెయ్యి. నోట్లు దొరక్కపోతే పది రూపాయల నాణేలు వాడు. కొందరు దుకాణదారులు వద్దంటారు కానీ అన్ని రకాల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చెప్పింది.

అంకెలు కూడా పట్టుబడని పిల్లలకి నోటు వెనక బొమ్మ ఆధారం. కొత్త నోట్లలో కోణార్క్ చక్రం ఉంటే పది, హంపి రథం ఉంటే యాభై, సాంచీ స్తూపం ఉంటే రెండువందలు. పాత వంద, కొత్త వంద రెండూ పక్కపక్కన పెట్టి చూపించు, రంగు వేరు కాబట్టి రెండు వేరే నోట్లనుకుంటారు.

ఇక నువ్వు ఎలా ఉండాలన్నది. పిల్లవాడు కౌంటర్ దగ్గర ఆగిపోతే వెంటనే అందుకోకు. వెనక ఎవరైనా నిలబడి ఉంటే మనకే టెన్షన్ వస్తుంది, నోరు ముందుకొస్తుంది. వాళ్లని ముందుకు వెళ్లమని చెప్పి, నువ్వు మెల్లగా పది లెక్కపెట్టుకో. చాలాసార్లు ఈలోగా వాడే కదులుతాడు. కదలకపోతే చూపుతో సైగ చెయ్యి, తర్వాత ఒక్క మాట, అదీ కుదరకపోతేనే చెయ్యి పట్టి చేయించు. మరీ వెనకబడిన పిల్లలకి చివరి నుంచి నేర్పు. అంతా నువ్వు చేసి, బిల్లూ కవరూ అందుకోవడం మాత్రం వాళ్లకి వదులు. అది వచ్చాక చిల్లర తీసుకోవడం, ఆపైన డబ్బులివ్వడం. మాటరాని అమ్మాయి ఉంటే ‘ఈ పుస్తకం ఎంత?’ అని రాసిన కార్డు చేతికివ్వు.

ఏ పుస్తకమన్నది మాత్రం పిల్లలదే ఇష్టం. పదహారేళ్లవాడికి అ-ఆల పుస్తకం అంటగట్టకు. చదవలేకపోయినా క్రికెట్ బొమ్మల పుస్తకం కావాలంటే అదే కొననివ్వు. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే ఉంటాయి, అవీ అరలో ఎక్కడున్నాయో చూపించు. ఎంచుకోవడానికి సమయం పట్టనివ్వు. తన కోసం తానే ఏదైనా ఎంచుకునే అవకాశం ఈ పిల్లలకి ఇంట్లో ఎంత అరుదో నీకు తెలుసు. నాకైతే ఈ పని మొత్తంలో అదే ముఖ్యం అనిపిస్తుంది.

ఫోన్‌తో చెల్లించడం ఇప్పుడే వద్దు. పిన్ ఎవరికీ చెప్పకూడదన్నది అర్థమయ్యాక చూద్దాం.

తల్లుల్లో ఒకరిని ఒకసారి వెంట తీసుకెళ్లు, దూరంగా నిలబడి చూడమను. అదే వారంలో వీధి చివరి కొట్టుకి సబ్బు కోసం పిల్లవాడినే పంపమను. మొదటిసారి వెళ్లొచ్చాక ఎవరెవరు ఎక్కడ ఆగారో రాసి పంపు, తర్వాత ఏం చేయాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్