ముందు ఆ ఆస్పత్రి చీటీ చూడు తల్లీ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, కావలి నుంచి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. పెట్టేశాక నిద్ర పట్టలేదు. చెప్పాల్సినవన్నీ కాగితం మీద పెడితేనే మంచిదనిపించింది. ఆస్పత్రి వరండాలో నిలబడి వినే మాటలు చెవికెక్కవు. ఇది నీ దగ్గర పెట్టుకో, తీరిక దొరికినప్పుడల్లా చదువుకో. రైలు నుంచి పడ్డ అల్లుడుగారి తొడ ఎముకకి రాడ్ వేశారు, ప్రాణానికి ఏం భయం లేదన్నారు. మనకదే పదివేలు. ఇక మిగిలింది రైల్వే పరిహారం కోసం కాగితాల పని. ఆ పని నాకు తెలుసు. 2018లో నేను రైలు నుంచి పడ్డప్పుడు నువ్వు పిల్లాడి పురుడై మంచం మీద ఉన్నావు, నీ దాకా వివరాలు రానివ్వలేదు. ఇప్పుడు చెప్తాను.

చీరాలలో కొట్టుకి చీరల మూట కట్టించుకుని తిరిగి వస్తున్నాను. మధ్యలో ఒక స్టేషన్లో నీళ్ల సీసా కోసం దిగాను. డబ్బులిచ్చి తిరిగేసరికి బండి కదిలింది. పరుగెత్తి కడ్డీ పట్టుకున్నాను గానీ పాదం మెట్టు మీద నిలవలేదు. ఎవరో పుణ్యాత్ములు 108లో ఆస్పత్రికి చేర్చారు. అక్కడ రాసుకునే అతను నన్ను అడగలేదు, నేను చెప్పే స్థితిలోనూ లేను. తెచ్చినవాళ్లని అడిగాడు. వాళ్లు "పట్టాల మీద పడున్నాడు సార్" అన్నారు. అతను చీటీ మీద ఒక్క వరుస రాశాడు: "పట్టాలు దాటుతుండగా రైలు తగిలి." తర్వాత నా చొక్కా కత్తెరతో కోసి పక్కన పడేశారు. మర్నాడు మీ పెద్దమ్మ వెళ్లి చొక్కా అడిగితే, "రక్తం గుడ్డలు ఎవరు దాస్తారమ్మా, ఎప్పుడో పోయింది" అన్నారు. జనరల్ టికెట్ ఆ చొక్కా జేబులోనే ఉంది.

ఆ ఒక్క వరుసతో నేను రెండున్నరేళ్లు కొట్లాడాను. పట్టాలు దాటేవాడు రైల్వే దృష్టిలో ప్రయాణికుడే కాడు. ప్రయాణికుడు కాకపోతే పరిహారమే లేదు. అందుకే నిన్ను మొట్టమొదట అడిగేది ఇదే. ఈ ఉత్తరం అందిన రోజే ఆస్పత్రిలో అల్లుడుగారి కేస్ షీట్ అడిగి, మొదటి పేజీలో గాయం ఎలా తగిలిందని రాశారో నీ కళ్లతో చదువు. "నడుస్తున్న రైలు నుంచి జారి పడి" అని ఉంటే దండం పెట్టుకో. వేరేగా ఉంటే ఊరుకోకు. అల్లుడుగారు ఇప్పుడు స్పృహలో ఉన్నారు కదా, జరిగింది జరిగినట్టు ఆయనే డాక్టరుకి చెప్పి మళ్లీ రాయించాలి. ఒంగోలు నుంచి ఇంటికొస్తూ సింగరాయకొండ దాటాక తలుపు దగ్గర నిలబడ్డారు, కుదుపుకి పట్టు తప్పి పడ్డారు. నాకు చెప్పింది ఇదే కదా. ఇదే మాట ఆస్పత్రిలోనూ, రైల్వే పోలీసుల దగ్గరా, తర్వాత పరిహారం తేల్చే రైల్వే ట్రైబ్యునల్లోనూ ఉండాలి.

తలుపు దగ్గర నిలబడ్డానని చెప్తే కేసు పోతుందేమోనని అల్లుడుగారు భయపడుతున్నారన్నావు. ఆ భయం అక్కర్లేదు. లోపల సీట్లో కూర్చున్నానని మాత్రం ఎవరు చెప్పమన్నా చెప్పొద్దను. తలుపు దగ్గర నిలబడటం అజాగ్రత్తే కావచ్చు గానీ నేరం కాదని, దాని వల్ల పరిహారం పోదని 2010లో జమీలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కదిలే బండి ఎక్కబోయి పడినా ప్రమాదమేనని 2008లో ప్రభాకరన్ విజయకుమార్ కేసులో చెప్పింది. నాకు అక్కరకొచ్చింది అదే. 1989 రైల్వే చట్టంలో 124ఏ అని ఒక సెక్షన్ ఉంది. ప్రయాణికుడు ప్రమాదవశాత్తు రైలు నుంచి పడితే, తప్పు రైల్వేది అయినా కాకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే. ఆత్మహత్య ప్రయత్నం, తనకు తాను చేసుకున్న గాయం, తను చేసిన నేరం, తాగిన మత్తు లేదా మతిస్థిమితం లేని స్థితి, రోగం వల్ల జరిగింది, ఇవి మాత్రమే మినహాయింపులు. అల్లుడుగారు చుక్క ముట్టరు. అయినా తాగి ఉన్నారని కేస్ షీట్లో ఎవరైనా పొరపాటున రాశారేమో చూడు.

ఇక టికెట్. ఆయన సీజన్ టికెట్ ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటారన్నావు, ఫోన్ దొరికిందన్నావు. నాకంటే మీకు అదృష్టం ఉంది. ఆ కాగితం మీది అక్షరాలు చెమటకీ ఎండకీ చెరిగిపోతాయి. ఇవాళే రెండు వైపులా ఫోటో తీసి, నాలుగు జిరాక్సులు తీయించు. ప్రమాదం తేదీ టికెట్ గడువు లోపల ఉందో లేదో చూడు. ఫోటో ఉన్న ఐడీ కార్డు కూడా కలిపి పెట్టు, దాని నంబరు టికెట్ మీద ఉంటుంది. అసలు టికెట్ ఎవరడిగినా చేతికివ్వొద్దు. రైల్వే పోలీసులు తీసుకోవాల్సి వస్తే రసీదు రాయించుకుని ఇవ్వు.

టికెట్ లేనంత మాత్రాన దారి మూసుకుపోదులే. 2018 మే నెలలో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. టికెట్ దొరకకపోతే, జరిగిందంతా అఫిడవిట్‌గా, అంటే ప్రమాణ పత్రంగా, ఇస్తే చాలు, ప్రయాణికుడు కాడని చూపించాల్సిన బరువు రైల్వే మీద పడుతుంది. నన్ను ఒడ్డుకు చేర్చింది ఆ తీర్పూ, నా చీరల మూటాను. నేను పడిపోయాక మూట బండిలోనే ఉండిపోయింది కదా. నా పక్కన కూర్చున్న ఒకాయన దాన్ని కావలిలో దింపి స్టేషన్లో అప్పజెప్పాడు. వాళ్లు రిజిస్టర్లో రాసుకున్నారు. మూటలో చీరాల షాపు బిల్లు, అదే రోజు తేదీతో ఉంది. ఆ రిజిస్టర్ కాపీ ట్రైబ్యునల్లో పెట్టాక, "పట్టాలు దాటుతున్నాడు" అన్న మాటకి బలం పోయింది. పట్టాలు దాటేవాడి మూట రైల్లో ఎందుకుంటుంది? అల్లుడుగారి టిఫిన్ బాక్సు బ్యాగ్ బండిలో ఉండిపోయిందన్నావు. అది ఏ స్టేషన్లోనైనా చేరిందేమో కనుక్కో. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి అడుగు. రోజూ ఆయనతో పాటు వచ్చే స్నేహితుల్లో పడటం చూసినవాళ్లు ఎవరో తెలుసుకుని, ఇప్పుడే తేదీ వేసి రాయించుకో. ఆరు నెలలు పోతే వాళ్లకీ గుర్తుండదు.

రైల్వే పోలీసులు, ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు స్టేట్‌మెంట్ కోసం ఆస్పత్రికి వస్తారు. మర్యాదగా మాట్లాడండి, వాళ్ల పని వాళ్లు చేస్తారు. కానీ అల్లుడుగారు నొప్పి మందుల మత్తులో ఉంటే, "కాసేపాగి రండి సార్" అనడానికి మొహమాటపడకు. రాసింది తెలుగులో చదివి వినిపించమను. చదివాకే సంతకం. స్టేషన్ నుంచి పోలీసులకి వెళ్లిన మెమో, పోలీసులు నమోదు చేసిన కేసు కాపీ, ఈ రెండూ తప్పకుండా సంపాదించు.

మన ఊళ్లల్లో ఒక పొరపాటు జరుగుతుంటుంది. 2012 జులై 30న తెల్లారుజామున నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ కాలిపోవడం నీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి పెద్ద ప్రమాదం జరిగితే అధికారులు వస్తారు, పేర్ల జాబితా కడతారు, ఎక్స్‌గ్రేషియా అని తక్షణ సాయం ప్రకటిస్తారు. రైళ్లు ఢీకొన్నా, పట్టాలు తప్పినా ఇప్పుడు చనిపోయినవారికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే 2.5 లక్షలు, చిన్న గాయాలకి 50,000 ఇస్తున్నారు. 2023 సెప్టెంబరులో పెంచిన రేట్లవి. ఒక్క మనిషి తలుపు దగ్గర జారి పడితే ఆ జాబితా ఉండదు, ఆ ప్రకటనా ఉండదు. పేపర్లో జిల్లా పేజీలో రెండు వరుసలు వస్తాయి. మీ ఆయన పేరు రాసుకోవడానికి ఎవరూ రారు తల్లీ. "రైల్వే వాళ్లే ఇస్తారంట" అని వీధిలో చెప్పేవాళ్ల మాట విని కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. మన కాగితాలు మనమే కూర్చుకుని ట్రైబ్యునల్లో దరఖాస్తు వేయాలి.

ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాది లోపు వేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే వీలుంది గానీ ఆ అవసరం తెచ్చుకోకు. మన రాష్ట్రానికి రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ అమరావతి బెంచ్ గుంటూరులో ఉంది. టికెట్ కొన్న ఊరు, ప్రమాదం జరిగిన చోటు, దిగాల్సిన స్టేషన్, మీరు ఉండే ఊరు, వీటిలో ఏది ఆ బెంచ్ పరిధిలో ఉన్నా అక్కడ వేయొచ్చు. మీకు అన్నీ ఇక్కడే. దరఖాస్తుకి కోర్టు ఫీజు లేదు. అల్లుడుగారు కదల్లేకపోయినా ఫర్వాలేదు, సంతకం చేస్తే చాలు.

డబ్బు ఎంతొస్తుందని మీ అత్తగారు అడుగుతున్నారు కదా, ఉన్నమాట చెప్పు. ఇది బస్సు ప్రమాదం కేసులాంటిది కాదు. జీతం ఎంత, వయసెంత, ఆస్పత్రికి ఎంతైంది అని లెక్క కట్టరు. ఏ గాయానికి ఎంతో పట్టికలో ఉంటుంది. 2017 జనవరి 1 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. ప్రాణం పోతే 8 లక్షలు. తుంటి కీలు విరిగితే 1,60,000. ఒక కాలి తొడ ఎముక విరిగితే 80,000. నాకు ఆ 80,000, దాని మీద వడ్డీ వచ్చాయి. ఒకటి కంటే ఎక్కువ గాయాలుంటే దేనికదే లెక్క కడతారు, అన్నీ కలిపి 8 లక్షలు మించకూడదు. అందుకే బిల్లుల కట్ట కంటే ఎక్స్‌రేలూ, డిశ్చార్జి కాగితం మీద ఎముక పేరూ ముఖ్యం. అల్లుడుగారి ఎడమ ముంజేయి కూడా విరిగిందన్నావు. అందరి చూపూ కాలి మీదే ఉంటుంది, చేతి సంగతి రాయడం మర్చిపోతారు. డిశ్చార్జి రోజున ఆ కాగితంలో రెండూ ఉన్నాయో లేదో చదువు. లేకపోతే అక్కడి నుంచి కదలొద్దు. కట్టు విప్పాక కాలు వంగడంలో లోపం మిగిలిపోతే సదరం క్యాంపులో వైకల్యం సర్టిఫికెట్ తీసుకుందాం, అది తర్వాతి మాట.

ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఆపరేషన్ చేయించుకున్నారు కాబట్టి పరిహారం రాదని ఎవరో అన్నారన్నావు. అది తప్పు. ఆ డబ్బుకీ దీనికీ సంబంధం లేదు.

ఆస్పత్రి గేటు దగ్గర ఇప్పటికే ఎవరో కార్డు ఇచ్చి, "కేసు మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో సగం" అన్నాడన్నావు. నా కడుపు మండింది. వచ్చే సొమ్ములో వాటాకి ఒప్పుకోవడం వకీళ్ల నిబంధనలకే విరుద్ధం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. వకీలుకి కేసు అప్పగించే వకాలత్ మీద కూడా వకీలు పేరు నిండాకే పెట్టు. పరిహారం అల్లుడుగారి సొంత ఖాతాలోనే పడాలి. ఆ పాస్‌బుక్కూ, ఏటీఎం కార్డూ మీ బీరువాలో ఉండాలి. వకీలు ఫీజు భారమైతే నెల్లూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకీ, వికలాంగులకీ, ఎస్సీ ఎస్టీలకీ, ఆదాయం తక్కువున్నవాళ్లకీ ఉచితంగా సాయం చేస్తారు. అక్కడికి నేను తోడొస్తాను.

తొందరగా తేలుతుందని మాత్రం నీకు ఆశ పెట్టను. రైల్వే తరఫు వకీలు అల్లుడుగారిని ప్రశ్నలు వేస్తాడు. కోపం తెప్పించేవే వేస్తాడు. "సీటు ఖాళీ ఉన్నా తలుపు దగ్గరే ఎందుకున్నావ్?" అంటాడు. నన్నూ అలాంటివే అడిగారు. కర్ర మీద ఆనుకుని నిలబడి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కూడా అంతే చేయాలి. ట్రైబ్యునల్లో రాకపోతే 90 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు.

నువ్వు మాత్రం వేళకి తిను. పిల్లాడిని మీ పెద్దమ్మ దగ్గర వదిలిపెట్టు, బడికి ఇక్కడి నుంచే పంపుతాం.

ఆదివారం పొద్దున పినాకినికి కావలిలో ఎక్కి నెల్లూరు వస్తాను. నా పాత ఫైలు తెస్తాను, దాంట్లో నేను వేసిన దరఖాస్తు కాపీ ఉంది, ఏ గడిలో ఏం నింపాలో చూసి రాద్దాం. ఆలోగా నువ్వు మూడు పనులు చెయ్యి: కేస్ షీట్ మొదటి పేజీ చదువు, సీజన్ టికెట్ జిరాక్స్ తీయించు, టిఫిన్ బ్యాగ్ సంగతి కనుక్కో. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా, ప్యాంటు ఇంట్లో ఉంటే ఉతకొద్దని మీ అత్తగారికి ఫోన్ చేసి చెప్పు. అలాగే కవర్లో కట్టి పైన పెట్టమను.

మీ పెదనాన్న