రికార్డుల శీర్షిక: పార్సన్స్ గొంతు ఏ డిస్కులో ఉంది?

ప్రశ్న: అమెరికన్ రాక్ బృందం ది బర్డ్స్ ఆల్బమ్ 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' రీఇష్యూలు (మళ్ళీ విడుదలైనవి) రకరకాలు ఉన్నాయి. అప్పట్లో ఆ బృందంలో ఉన్న గాయకుడు గ్రామ్ పార్సన్స్ పాడినవి కావాలంటే ఏది కొనాలి?

జవాబు: 2003లో వచ్చిన రెండు సీడీల లెగసీ ఎడిషన్. ఎందుకో తెలిస్తే మిగతావాటిని మీరే బేరీజు వేసుకోగలరు. కొలంబియా రికార్డు కంపెనీ ఈ ఆల్బమ్‌ను 1968 ఆగస్టులో విడుదల చేసింది. అంతకుముందు పార్సన్స్ ఇంటర్నేషనల్ సబ్‌మరైన్ బ్యాండ్ అనే బృందంతో నిర్మాత లీ హేజిల్‌వుడ్ రికార్డు కంపెనీకి పాడాడు. ఆ ఒప్పందం ఇంకా చెల్లుతుందని హేజిల్‌వుడ్ పేచీ పెట్టాడు. దాంతో 'ది క్రిస్టియన్ లైఫ్', 'యూ డోంట్ మిస్ యువర్ వాటర్', 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఫ్రమ్ నౌ' పాటల్లో పార్సన్స్ గాత్రం పోయి బృందంలోని మిగతావాళ్ళ గొంతు వచ్చింది. 'హికరీ విండ్' లాంటివి మాత్రం అతని గొంతుతోనే మిగిలాయి, మన అదృష్టం.

పార్సన్స్ గొంతుతో పక్కన పెట్టిన ఆ మూడూ 1990లో, ది బర్డ్స్ నాలుగు సీడీల బాక్స్ సెట్‌లో బయటికొచ్చాయి. చాలామంది బోల్తా పడేది 1997 సీడీ దగ్గర. అందులో 8 అదనపు ట్రాకులున్నాయి, పార్సన్స్ గొంతూ వినిపిస్తుంది. కానీ పక్కన పెట్టిన ఆ పాటల్లో అందులో ఉన్నవి సాధన టేకులే, పూర్తయిన పాటలు కావు. పాట పేరు పక్కన 'రిహార్సల్' అని ఉంటే అది సాధన టేకేనని గుర్తుపెట్టుకోండి. లెగసీ ఎడిషన్‌లో రెండు రకాలూ ఉన్నాయి, సబ్‌మరైన్ బ్యాండ్ పాటలు కొన్ని అదనం. 11 పాటలే ఉన్న మామూలు ఎల్పీ రీఇష్యూ ఎంత కొత్తదైనా అది 1968 నాటి రూపమే.

ప్రశ్న: 'మొదటి ముద్రణ' అని చెప్పి అమ్ముతున్న ఎల్పీని ఎలా పోల్చుకోవాలి?

జవాబు: అమెరికా స్టీరియో ముద్రణ నంబరు సీఎస్ 9670. తర్వాతి ముద్రణల మీద కూడా ఈ నంబరు కనిపించవచ్చు, అందుకని దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. ఎర్ర లేబుల్ కింది అంచున '360 సౌండ్' అని ఉండాలి. కొలంబియా పేరు లేబుల్ అంచు చుట్టూ బంగారు రంగు అక్షరాల్లో తిరిగి ఉంటే అది 1970 తర్వాతి ముద్రణ. అట్ట మీద బార్‌కోడ్ ఉంటే మరీ తర్వాతిది. పాత అట్టలో కొత్త డిస్కు పెట్టి అమ్మడం కద్దు, కాబట్టి డిస్కు బయటికి తీయించి చూడండి.

ప్రశ్న: కొత్త 180 గ్రాముల రీఇష్యూలో స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించేది) స్వరం ఊగుతున్నట్టుంది. ప్లేయర్ పాడైందా?

జవాబు: గడియారం పెట్టుకుని వినండి. 33⅓ వేగంలో డిస్కు ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. ఊగడం సరిగ్గా ఆ వ్యవధిలోనే వస్తుంటే లోపం చాలావరకు డిస్కుదే. ముల్లు ఉన్న చెయ్యి పక్కలకు కదులుతుంటే మధ్య రంధ్రం కేంద్రం తప్పింది, పైకీ కిందికీ లేస్తుంటే డిస్కు వంగింది. కేంద్రం తప్పిన డిస్కులో లేబుల్ దగ్గరపడేకొద్దీ ఊపు పెరుగుతుంది, అక్కడ గాడి చుట్టు చిన్నది కదా. డ్రమ్ములూ మాటలూ దీన్ని దాచేస్తాయి, పెడల్ స్టీల్ (పెడళ్ళున్న స్టీల్ గిటార్) సాగదీసిన స్వరం దాచలేదు. కంట్రీ రాక్ సేకరించేవాళ్ళకు ఇది పెద్ద బెడద. రంధ్రాన్ని చాకుతో పెద్దది చేయకండి, డిస్కు వెనక్కి ఇచ్చేయండి. 180 గ్రాముల బరువు కేంద్రం సరిగా ఉందనడానికి హామీ కాదు. ఏ టేపు నుంచి, ఎంత శ్రద్ధగా మాస్టర్ చేశారన్నదే (ముద్రణకు శబ్దాన్ని సిద్ధం చేశారన్నదే) ముఖ్యం.

ఒక్క జాగ్రత్త. పార్సన్స్ తర్వాత పాడిన బృందం ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ 1969 నాటి ఆల్బమ్ 'ది గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్'లో స్టీల్ గిటార్ గరగరమంటే డిస్కును అనుమానించకండి. అందులో స్నీకీ పీట్ క్లైనో తన స్టీల్‌ను ఫజ్ (శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చే పరికరం) పెట్టి మోగించాడు.

ప్రశ్న: డిస్కు మీద పొగమంచులాంటి మరక ఎందుకొస్తుంది?

జవాబు: మెత్తటి పీవీసీ కవర్ల వల్ల. వాటిలోని రసాయనం డిస్కుకు అంటుకుంటుంది, తుడిచినా పూర్తిగా పోదు. పాలిథీన్ కవర్లకు మార్చి నిలువుగా పెట్టండి.