అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే ప్రాణం నిలవడం లేదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మా అబ్బాయి హైదరాబాద్‌లో రోజూ బైకు మీద ఆఫీసుకు వెళ్తాడు. రాత్రి ఫోన్ ఎత్తకపోతే ఏదో జరిగిందని వరుసగా చేస్తూనే ఉంటాను. ఆ దిగులు తీరేలోపే అమ్మాయి పెళ్లి, మావారి బీపీ, ఇంటి అప్పు గుర్తొస్తాయి. ఏడాదిగా నిద్ర సరిగా లేదు, మెడ పట్టేస్తోంది. గుండె పరీక్షల్లో ఏమీ లేదన్నారు. డాక్టరుగారు సీబీటీకి (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) వెళ్లమన్నారు. మాటలతో ఇది తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒక దిగులు నుంచి మరో దిగులుకు సాగే, అదుపులోకి రాని ఆందోళన ఆరు నెలలకు పైగా చాలా రోజులు వేధిస్తూ, దానికి నిద్రలేమి, కండరాల బిగువు, అలసట వంటివి తోడైతే వైద్యులు దానిని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్‌గా పరిగణిస్తారు. మీది అదేనా అన్నది ఉత్తరం చూసి తేల్చలేం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, నిద్రలేమి ఉంటాయి కనుక ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

సీబీటీ అంటే ధైర్యం చెప్పడం కాదు; ధైర్యం ఇప్పటికే ఇంటిల్లిపాదీ చెప్పి ఉంటారు. అబ్బాయి గొంతు వినగానే మీకు కలిగే ఊరటే ఈ జబ్బును పెంచి పోషిస్తోంది. ఫోన్ చేశాను కాబట్టే కుదుటపడ్డానని మనసు నేర్చుకుంటుంది గాని, చేయకపోయినా ఆ భయం దానంతటదే దిగేదని తెలుసుకునే అవకాశం దానికి దొరకదు. అందుకే థెరపిస్టు మీ చేత ఒక నోటుపుస్తకం పెట్టిస్తారు. ‘యాక్సిడెంట్ అయింది, నమ్మకం 80 శాతం’ అని రాసి, ముందు పావుగంట, కొన్నాళ్లకు అరగంట ఫోన్ ముట్టకుండా ఆగి, చివరికి తేలిన సంగతిని దాని పక్కనే, ‘మీటింగ్‌లో ఉన్నాడు’ అనో ‘ఫోన్ సైలెంట్‌లో ఉంది’ అనో రాయాలి. మొదటి పావుగంట నరకంలాగే ఉంటుంది. ఏనాడూ ఏమీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ హామీ లేకుండానే అన్నం తిని పడుకోగలగడమే ఇక్కడి అభ్యాసం.

ఇంటి అప్పు సంగతి వేరు. వాయిదాల లెక్క వేసి బ్యాంకుతో మాట్లాడితే ఒక దారి దొరుకుతుంది కనుక అలాంటివాటికి సమస్యా పరిష్కార పద్ధతి నేర్పిస్తారు. దారి లేని ఊహలను మాత్రం రోజూ సాయంత్రం ఒక అరగంటకు వాయిదా వేయిస్తారు. థామస్ బోర్కోవెక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆ అరగంటకు పడకగది మాత్రం వద్దు.

సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 15 సిట్టింగులు పడతాయి. సైకియాట్రిస్టు మందులు కూడా రాస్తే సొంతంగా మానేయకండి. దగ్గరలో థెరపిస్టు లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఈలోగా అబ్బాయితో ఒక ఒప్పందానికి రండి: రాత్రికి ఒకే ఫోన్, అదీ అతనే చేయాలి.