బదిలీ ఉత్తర్వులో ‘సొంత కోరికపై’ అని ఉంటే సామాను ఖర్చు వస్తుందా?

ప్రశ్న: నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. రెండేళ్ల క్రితం గుంటూరు వేయమని అర్జీ పెట్టుకుంటే ఇవ్వలేదు. ఇప్పుడు విజయవాడ నుంచి విశాఖపట్నం వేశారు. అప్పుడే అత్తగారు ఆస్పత్రిలో చేరారు, పిల్లల చదువు దెబ్బతింది, అప్పు చేసి లారీ మాట్లాడుకున్నాం. ఐదు నెలల తర్వాత ట్రాన్స్‌ఫర్ టీఏ (బదిలీ ప్రయాణ భత్యం) బిల్లు పెడితే, ‘సొంత కోరికపై బదిలీ’ అంటూ గత నెల తిప్పి పంపారు. బిల్లు గడువులోపే పెట్టినట్టు పాత తేదీలతో కాగితాలు తయారు చేద్దామని తోటి ఉద్యోగి ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చేది లారీ ఖర్చూ కాదు, చేసిన అప్పూ కాదు. బదిలీ ఎవరి అవసరం కోసం జరిగిందన్నదే అసలు విషయం. కేంద్ర ఉద్యోగుల ప్రయాణ భత్యం నిబంధనల్లోని సప్లిమెంటరీ రూల్ 114 ప్రకారం ప్రభుత్వ అవసరం కోసం జరిగిన బదిలీకే టీఏ ఇస్తారు. కోరి తెచ్చుకున్న బదిలీకి, ప్రత్యేక కారణాలు రాసి అధికారి ఇవ్వమంటే తప్ప, రాదు.

మీరు అడిగింది గుంటూరు, వేసింది విశాఖపట్నం. ఆ పాత అర్జీని చూసి ఉత్తర్వులో ‘సొంత కోరిక’ అని రాసి ఉంటే అది నిలబడే మాట కాదు. కానీ ఆ ఉత్తర్వు అందుకుని, ఒక్క ముక్క అభ్యంతరం రాయకుండా వెళ్లి ఎలా చేరారు? ఆ రోజే అర పేజీ ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకుని ఉంటే ఇప్పుడు ఇంత తిప్పలు ఉండేది కాదు. ఇకనైనా అర్జీ నకలు వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో బదిలీ ఫైలు, నోట్‌షీట్లు (ఫైలు మీద అధికారులు రాసిన కాగితాలు) అడగండి. విశాఖపట్నానికి మిమ్మల్ని ఎందుకు ఎంచుకున్నారో నోట్‌షీట్‌లోనే తెలుస్తుంది.

రెండో చిక్కు గడువు. 2018 మార్చి నాటి ఆర్థిక శాఖ ఉత్తర్వు ప్రకారం ప్రయాణం ముగిశాక 60 రోజుల్లో బిల్లు పెట్టాలి. మీకిచ్చిన జవాబులో ఈ మాట లేకపోయినా, రేపు తప్పకుండా ఎత్తుతారు. కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని వేరుగా అడగండి. అత్తగారి ఆస్పత్రి కాగితాలు పనికొచ్చేది ఇక్కడే.

పాత తేదీల ఆలోచన మాత్రం ఇప్పుడే మానేయండి. మీ బిల్లు ఎప్పుడొచ్చిందో ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఉంటుంది, లారీ ఎప్పుడు కదిలిందో టోల్ రికార్డులో ఉంటుంది. దొరికితే డబ్బు రాకపోవడంతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత 318, 336 సెక్షన్ల కింద మోసం, ఫోర్జరీ కేసు, శాఖాపరమైన విచారణ రెండూ మీద పడతాయి. నిజమైన హక్కున్న మనిషి దొంగ కాగితంతో ఉద్యోగం పోగొట్టుకోవడం నేను చూడలేను.

ముందు, బదిలీ చేసిన అధికారికి పైఅధికారికి వినతి పెట్టండి: ఉత్తర్వును ‘ప్రభుత్వ అవసరంపై’ అని సవరించాలి, ఆలస్యం మన్నించాలి, టీఏ మంజూరు చేయాలి. కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ (బదిలీపై ఒకేసారి ఇచ్చే మొత్తం) కూడా అడగండి. అది మూల వేతనంలో 80 శాతం. మూల వేతనం 44,900 అయితే 35,920 రూపాయలు. దానికి లారీ రసీదుతో పనిలేదు.

ఆరు నెలల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత ఏడాదిలోపు కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు విచారించే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్‌లో అప్లికేషన్ వేయాలి. కాదంటూ జవాబిస్తే, ఆ తేదీ నుంచి ఏడాది. మళ్లీ మళ్లీ వినతులు పెట్టినంత మాత్రాన గడువు పెరగదని 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క వినతి చాలు, ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.