పేరు రాయని పెళ్లి కార్డు లాంటి సర్వర్

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రాక్స్‌మాక్స్‌లో (ఒకే కంప్యూటర్‌లో చాలా వర్చువల్ మెషిన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు లైనక్స్ సర్వర్ ఒకటి రెండు రోజులు కూర్చొని తయారు చేసి, పిల్లలకు తలా ఒకటి ఉండాలని 12 కాపీలు తీశాను. ఒక్కొక్కటే ఆన్ చేస్తే బాగానే ఉంటున్నాయి. అన్నీ కలిపి ఆన్ చేస్తే మాత్రం ఒకే ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) వస్తోంది, ఒకరు లాగిన్ అయితే పక్కవాళ్ల సర్వర్ తెరుచుకుంటోంది. మాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు నంబర్లు) వేర్వేరుగానే ఉన్నాయి. వచ్చే వారం ప్రాక్టికల్స్, మస్తు టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ?

జవాబు: మాక్ అడ్రస్‌లు ముందే చూసి మంచి పని చేశారు. ఉబుంటు సర్వర్ ఐపీ అడిగేటప్పుడు మాక్ ఒక్కటే చెప్పి ఊరుకోదు, తన మెషిన్ ఐడీ నుంచి తయారు చేసుకున్న ఇంకో గుర్తింపు కూడా పంపిస్తుంది, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నమ్మేది దాన్నే. ఆ మెషిన్ ఐడీ ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే చిన్న ఫైల్, తెరిచి చూస్తే 32 అక్షరాలు, అంతే. మీరు కాపీ తీసినప్పుడు ప్రాక్స్‌మాక్స్ కొత్త మాక్ ఇచ్చింది గానీ డిస్క్ లోపలున్న ఈ ఫైల్‌ను ముట్టుకోలేదు. అందుకే పన్నెండూ ఒకే మనిషిలా వెళ్లి ఐపీ అడిగాయి.

మనం పెళ్లి కార్డులు కొట్టించినప్పుడు ముహూర్తం, ఫంక్షన్ హాలు, వంశం పేర్లు అన్నీ అచ్చులో ఉంటాయి, కవర్ మీద పేరు చోటు ఖాళీగా ఉంటుంది. ఇంటికొచ్చాక మూలలకు పసుపు రాసి, ఎవరి పేరు వాళ్లకు రాసి పంచుతాం. మీరేమో మేనమామ పేరు రాసేసిన కార్డును జిరాక్స్ తీయించారు. టెంప్లేట్‌లో, అంటే కాపీలు తీసే అచ్చులో, ఏమేం పెట్టాలా అని అందరూ ఆలోచిస్తారు, నన్నడిగితే ఏమేం చెరపాలో ఆలోచించడమే అసలు పని.

మెషిన్ ఐడీ ఫైల్‌ను డిలీట్ చేయొద్దు, లోపలున్నది తీసేసి ఖాళీగా ఉంచండి. ఖాళీగా కనిపిస్తే మొదటిసారి బూట్ అయినప్పుడు సిస్టమే కొత్తది రాసుకుంటుంది. ఇక్కడే నేనొకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. అన్నీ శుభ్రం చేశాక, ఎందుకైనా మంచిదని ఒక్కసారి ఆన్ చేసి చూసి ఆపేశాను. ఆ ఒక్క బూట్‌తో కొత్త ఐడీ పుట్టి టెంప్లేట్‌లో కూర్చుంది, దాన్నుంచి తీసిన మెషిన్లన్నీ మళ్లీ ఒకే ఐపీతో లేచాయి, సాయంత్రం దాకా కేబుళ్లు మార్చుకుంటూ వెతికాను. కాబట్టి చెరిపిన వెంటనే షట్‌డౌన్, షట్‌డౌన్ అయిన వెంటనే టెంప్లేట్‌గా మార్చడం. పరీక్ష చేయాలనుకుంటే క్లోన్ (కాపీ) తీసి దాని మీద చేయండి.

చెరపాల్సిన రెండోది ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు. ఎస్ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి, ఈ కీలు ఆ సర్వర్ తానేనని నిరూపించుకునే గుర్తులు. ఐపీ గొడవ కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు కాబట్టి నాకు దీనిమీదే ఎక్కువ భయం. పన్నెండు సర్వర్లలో ఒకే ప్రైవేట్ కీ ఉందంటే, ఒకదానిలో రూట్ (పూర్తి) అధికారం ఉన్న విద్యార్థి ఆ కీ తీసుకొని మిగతా పదకొండింట్లో దేని వేషమైనా వేయగలడు. వాటిని తీసేయండి. కానీ తీసేసి ఊరుకుంటే ఉబుంటులో వాటంతట అవి తిరిగి పుట్టవు, ఎస్ఎస్‌హెచ్ లేవదు, మీరు లోపలికి పోలేరు. ఆ పని చేసిపెట్టేది క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రాం. కవర్ మీద పేర్లు రాసే మనిషి అదే: హోస్ట్ పేరు, యూజర్, ఐపీ, కొత్త కీలు అన్నీ మొదటి బూట్‌లో అదే చూసుకుంటుంది.

మీకు వారమే ఉంది కాబట్టి ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైల్)తో ఇన్‌స్టాల్ చేసిన పాతదాన్ని బాగు చేస్తూ కూర్చోకండి. ఉబుంటు వాళ్లే ఇచ్చే క్లౌడ్ ఇమేజ్ (ముందే ఇన్‌స్టాల్ చేసి ఉన్న డిస్క్ ఫైల్) దించుకోండి, అందులో క్లౌడ్-ఇనిట్ సిద్ధంగా ఉంటుంది. దానికి ప్రాక్స్‌మాక్స్‌లో క్లౌడ్-ఇనిట్ డ్రైవ్ జత చేసి, ఒకసారి లేపి, అప్‌డేట్లు, క్యూఎంయూ గెస్ట్ ఏజెంట్ (మెషిన్ లోపలి సంగతులు ప్రాక్స్‌మాక్స్‌కు చెప్పేది), ప్రాక్టికల్స్‌కు కావలసిన కంపైలర్లు వేయండి. తర్వాత క్లౌడ్-ఇనిట్ క్లీన్ కమాండ్‌ను లాగ్‌లు కూడా పోయేలా నడిపి, మెషిన్ ఐడీ ఖాళీ చేసి, కమాండ్ హిస్టరీ తుడిచి ఆపేయండి. డిస్క్ చిన్నగానే ఉంచండి. క్లోన్ తీశాక పెద్దది చేస్తే బూట్‌లో లోపలి పార్టిషన్ కూడా పెరుగుతుంది, తగ్గించాలంటేనే నరకం. స్నాప్‌షాట్‌లు (మెషిన్ అప్పటి స్థితిని దాచిన కాపీలు) ఉంటే ముందే తీసేయండి, అవి ఉంటే టెంప్లేట్‌గా మారదు.

ప్రశ్న: లింక్డ్ క్లోన్ తీయాలా, ఫుల్ క్లోనా? డిస్క్‌లో చోటు తక్కువుంది. (మంచిర్యాల నుంచి)

జవాబు: పరీక్ష అయ్యాక చెరిపేసేవైతే లింక్డ్. టెంప్లేట్ డిస్క్‌నే వాడుకుంటుంది కాబట్టి క్షణాల్లో తయారవుతుంది, మారిన భాగమే చోటు తింటుంది. కానీ టెంప్లేట్ డిస్క్ పాడైతే దాని క్లోన్లన్నీ పోతాయి. ఏడాదిపాటు నడవాల్సిన సర్వర్‌కు డిస్క్ మొత్తం విడిగా కాపీ అయ్యే ఫుల్ క్లోనే తీయండి.

ప్రశ్న: విండోస్‌కు కూడా ఇలాగే చేయొచ్చా సార్? (కరీంనగర్ నుంచి)

జవాబు: చేయొచ్చు, దానికి విండోస్‌లోనే సిస్‌ప్రెప్ అనే టూల్ ఉంది. జనరలైజ్ (ఆ మెషిన్ గుర్తింపులు చెరిపే ఎంపిక) టిక్ పెట్టి, చివర్లో రీబూట్ కాకుండా షట్‌డౌన్ ఎంచుకోండి. మధ్యలో ఎర్రర్ వస్తే చాలాసార్లు కారణం ఒక యూజర్‌కు మాత్రమే ఇన్‌స్టాల్ అయిన స్టోర్ యాప్. సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లోనే ఉండే పాంథర్ ఫోల్డర్ లాగ్‌లో ఆ యాప్ పేరు దొరుకుతుంది. దాన్ని తీసేసి మళ్లీ నడపండి.